చిమ్నీ శుభ్రం, షెడ్డు నిండా దుమ్ము: బ్యాగ్ ఫిల్టర్ ప్రెషర్ లెక్క ఎక్కడ తప్పుతుంది

సంక్షిప్తంగా: దుమ్ము పట్టే బ్యాగ్ ఫిల్టర్ బాగుందో లేదో ఒకే ఒక్క గేజ్ చూసి తేల్చేయడం ఫ్యాక్టరీల్లో పరిపాటి. ఆ అంకె పెరిగితే బ్యాగులు మారుస్తారు, తగ్గితే నిశ్చింతగా ఉంటారు. గాలి ఎంత పారుతోందో తెలియనప్పుడు ఈ రెండు నిర్ణయాలూ గుడ్డివే. గేజ్ ముల్లు ఎందుకు పెరుగుతుంది, ఎందుకు తగ్గుతుంది, అసలు లోపం ఎక్కడుందో మరో రెండు కొలతలతో ఎలా పట్టుకోవచ్చు అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

గేజ్ చూపేది ఏమిటి

సున్నపురాయి ఉన్నచోట సిమెంటు ఫ్యాక్టరీ వెలుస్తుంది. మేళ్లచెరువు, జగ్గయ్యపేట, తాండూరు, యర్రగుంట్ల, తాడిపత్రి ప్రాంతాలు అలా ఎదిగినవే. ఇలాంటి ఒక్కో ఫ్యాక్టరీలో క్రషర్ మొదలుకొని ప్యాకింగ్ ప్లాంటు దాకా పదుల సంఖ్యలో బ్యాగ్ ఫిల్టర్లు ఉంటాయి. ఒక బెల్టు నుంచి ఇంకో బెల్టు మీదికి రాయి పడేచోట, సైలో పైన, బస్తాలు నింపేచోట లేచే దుమ్మును హుడ్ (గాలిని లాగే మూత లాంటి నోరు) పట్టుకుంటుంది. అక్కడినుంచి డక్టు (గాలి గొట్టం), ఫిల్టరు పెట్టె, ఫ్యాన్, చివర చిమ్నీ. ఫ్యాన్ ఈ వరుసలో దాదాపు చివర ఉండి గాలిని లాగుతుంది. కాబట్టి హుడ్ నుంచి ఫ్యాన్ దాకా లోపలంతా బయటి గాలి కంటే తక్కువ ప్రెషరే ఉంటుంది.

ఫిల్టరు పెట్టెను అడ్డంగా రెండుగా విడదీసే చిల్లుల ఇనుప పలకను ట్యూబ్ షీట్ అంటారు. ఒక్కో చిల్లులోంచి ఒక్కో పొడవాటి గుడ్డ బ్యాగు కిందికి వేలాడుతుంది. అది ముడుచుకుపోకుండా లోపల ఇనుప తీగల కేజ్ ఉంటుంది. దుమ్ముగాలి బ్యాగు బయటి నుంచి లోపలికి చొరబడి, పైకి శుభ్రంగా వెళ్తుంది. దుమ్ము బ్యాగు పైనే ఆగిపోతుంది. ట్యూబ్ షీటుకు కింద ఎంత ప్రెషర్ ఉంది, పైన ఎంత ఉంది అన్న తేడాయే గేజ్ చూపే అంకె. ఫ్యాక్టరీ భాషలో దాని పేరు డీపీ. దాన్ని నీటి మిల్లీమీటర్లలో చెబుతారు. డీపీ 100 అంటే, యూ ఆకారపు గాజు గొట్టంలో నీరు ఒకవైపు కంటే రెండోవైపు 100 మిల్లీమీటర్లు ఎత్తున నిలబడుతుంది; పాస్కల్స్‌లో దాదాపు 980. మామూలుగా నడిచే ఫిల్టర్లలో ఇది 80 నుంచి 150 మధ్య తిరుగుతుంది.

ఈ అంకె బ్యాగులు పెట్టే అడ్డంకినీ, వాటిగుండా పారే గాలినీ కలిపి చెబుతుంది, విడదీసి చెప్పదు. అడ్డంకి పెరిగినా డీపీ పెరుగుతుంది, గాలి పెరిగినా పెరుగుతుంది. బ్యాగులు సగం పూడుకుపోయి, దానితోపాటు గాలి కూడా సగానికి పడిపోతే ముల్లు దాదాపు ఉన్నచోటే ఉంటుంది. లాగ్ బుక్కులో నెలల తరబడి 120, 120 అని కనిపించే ఫిల్టరు ఆరోగ్యంగా ఉందనుకోవడానికి లేదు. గేజుకు వెళ్లే సన్నటి ట్యూబు దుమ్ముతో మూసుకుపోయి ముల్లు అక్కడే ఆగిపోయి ఉండవచ్చు. లేదా చూడకుండానే పాత అంకె రాసి ఉండవచ్చు. రెండూ అరుదేమీ కాదు. అందుకే వెతుకులాట గేజు దగ్గరే మొదలవ్వాలి. ఒక ట్యూబు ఊడదీస్తే ముల్లు ఒక్కసారిగా కదలాలి. కదలకపోతే గేజో, దాని గొట్టాలో చెడినట్టు. ఫిల్టరు సంగతి ఆ తర్వాత.

దుమ్మును పట్టేది దుమ్మే

కొత్త బ్యాగు గుడ్డ ఒక్కటే సన్న దుమ్మును పూర్తిగా ఆపలేదు. దాని మీద పలచగా పేరుకునే దుమ్ము పొర అసలు జల్లెడ అవుతుంది. ఈ పొరను కేక్ అంటారు. పొర మరీ మందమైతే గాలి ఆడదు, పూర్తిగా రాలిపోతే సన్న దుమ్ము నేరుగా గుడ్డ నూలులోకి దూరుతుంది. ఒకసారి లోపలికి దూరిన రేణువును ఎంత గాలి కొట్టినా బయటికి రప్పించడం కష్టం.

మందమైన కేక్‌ను రాల్చడానికి కంప్రెసర్ గాలిని దెబ్బ దెబ్బగా బ్యాగుల్లోకి వదులుతుంటారు. డీపీ పెరగగానే చాలాచోట్ల చేసే మొదటి పని ఈ గాలి దెబ్బల జోరు పెంచడం. ఐదారు బార్ల ప్రెషరును ఏడుకు తోస్తారు, దెబ్బకూ దెబ్బకూ మధ్య విరామాన్ని సగం చేస్తారు. ముల్లు ఆ పూటకు దిగుతుంది. ఆ తర్వాత జరిగేది వేరు. కేక్ మొత్తం రాలిపోయి గుడ్డ బోసిపోతుంది, సన్నపొడి నూలులో ఇరుక్కుంటుంది, కొన్ని వారాలకు డీపీ మునుపటికంటే ఎక్కువ స్థాయిలో స్థిరపడుతుంది. ఇంకోవైపు దెబ్బ దెబ్బకూ బ్యాగు కేజ్ తీగలకు కొట్టుకుని అరుగుతుంది. కాబట్టి టైమరు గుడ్డిగా కొట్టే పద్ధతి కంటే డీపీ 120 దాటితే కొట్టడం, 90కి దిగితే ఆపడం వంటి పద్ధతి మేలు. ఈ అంకెలు ఒక ఉదాహరణే. దుమ్మును బట్టి మారతాయి.

ముల్లు పెరిగితే: అనుమానం ముందు గాలి దెబ్బ మీదే

డీపీ పెరుగుదలకు అన్నిటికంటే ఎక్కువగా కారణమయ్యేది శుభ్రం చేసే గాలి వ్యవస్థ. బ్యాగుల మీద అనుమానం ఆ తర్వాతే రావాలి. ఫిల్టరు పక్కన ఉండే హెడర్ డబ్బాలో కంప్రెసర్ గాలి నిలవ ఉంటుంది. ఒక్కో వరుస బ్యాగులకు ఒక్కో వాల్వు. టైమరు సంకేతం ఇవ్వగానే సొలినాయిడ్ అనే విద్యుదయస్కాంత కాయిల్ చిన్న పైలట్ రంధ్రాన్ని తెరుస్తుంది, వాల్వులోని రబ్బరు డయాఫ్రం లేస్తుంది, సెకనులో పదోవంతు సేపు గాలి బ్యాగుల నోళ్లలోకి దూకుతుంది. బ్యాగు ఒక్కసారి ఉబ్బి వెనక్కి కొట్టుకున్నప్పుడు కేక్ రాలుతుంది.

ఇక్కడ చూడాల్సింది హెడర్ మీది గేజ్. ప్రతి దెబ్బకూ దాని ముల్లు చటుక్కున పడి, తరువాతి దెబ్బ లోపు తిరిగి పూర్తిగా లేవాలి. సంకేతం వెళ్లినా ముల్లు పడలేదంటే ఆ వాల్వు తెరుచుకోలేదు: కాయిల్ కాలి ఉంటుంది, వైరు ఊడి ఉంటుంది, లేదా పైలట్ రంధ్రం పూడి ఉంటుంది. పడిన ముల్లు నెమ్మదిగా లేస్తూ, పూర్తిగా అందుకోకముందే తరువాతి దెబ్బ పడిపోతే హెడరుకు వచ్చే గాలి చాలడం లేదు. పైపు సన్నదై ఉండొచ్చు, గాలి ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు, అదే లైనులోంచి ఎవరో వేరే పనికి గాలి వాడుతూ ఉండొచ్చు. దెబ్బల మధ్య కూడా ఎక్కడో సుయ్ మనే చప్పుడు ఆగకుండా వస్తుంటే ఒక డయాఫ్రం చిరిగింది.

చిరిగిన డయాఫ్రం నష్టం, కాలిన కాయిల్ నష్టం ఒకటి కావు. పది వరుసల ఫిల్టరులో ఒక కాయిల్ కాలితే ఆ వరుస పూడుకుపోతుంది, దాని వాటా గాలిని మిగతా తొమ్మిది వరుసలు మోస్తాయి. డీపీ కాస్త పెరిగి ఆగుతుంది. ఒక డయాఫ్రం చిరిగితే హెడరులో ప్రెషరే నిలవదు. పది వరుసలకూ దెబ్బ తగ్గుతుంది, డీపీ గంట గంటకూ ఎక్కుతుంది. రోజులతరబడి మెల్లగా పెరిగిందా, ఒక్క షిఫ్టులో పెరిగిందా అన్న ప్రశ్నకు జవాబు దొరికితే సగం జబ్బు తెలిసినట్టే. అనుభవమున్న ఫిట్టర్లు చెవితోనే ఈ పని చేస్తారు. మంచి దెబ్బ ‘ఠప్’మని పొట్టిగా తెగిపోతుంది, నీరసపు దెబ్బ ‘భుస్’మంటూ సాగుతుంది.

వానాకాలపు జబ్బు

ఈ ప్రాంతాల్లో జూలై నుంచి అక్టోబరు దాకా డీపీ ఫిర్యాదులు పెరగడానికి నీరు రెండు దారుల్లో వస్తుంది. మొదటిది కంప్రెసర్ దారి. తేమతో నిండిన గాలిని ఏడో వంతుకు కుదించి, తర్వాత చల్లబరిస్తే అందులోని ఆవిరంతా ఆవిరిగా ఉండలేదు, నీరుగా మారుతుంది. డ్రయ్యరు పనిచేయక, డ్రెయిన్ వాల్వు మూసుకుపోతే ఆ నీరు హెడరులో చేరి, ప్రతి దెబ్బకూ బ్యాగు లోపల చిలకరించినట్టు పడుతుంది. హెడర్ అడుగు డ్రెయిన్ తిప్పి నీరొస్తుందేమో చూడటానికి పట్టేది అర నిమిషం. ఎక్కువగా మరిచిపోయేదీ అదే.

రెండో దారి గ్యాసుది. తడి సున్నపురాయిని ఆరబెట్టి పొడిచేసే రా మిల్లు గ్యాసులో ఆవిరి చాలా ఉంటుంది. పెట్టె గోడలకు ఇన్సులేషన్ ఊడిపోయినా, తలుపు రబ్బరు పట్టీల సందుల్లోంచి చల్లగాలి దూరినా గ్యాసు మంచు బిందు స్థాయి (ఆవిరి నీరుగా మారే ఉష్ణోగ్రత) కిందికి పడి బ్యాగు మీద చెమ్మ చేరుతుంది. సిమెంటుకు చెమ్మ తగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. గట్టిపడిన పెంకు బ్యాగులను దులిపి ప్రయోజనం ఉండదు. మొదలుపెట్టేటప్పుడు వేడిగాలితో పెట్టెను ముందే వెచ్చబరచడం, ఆపేటప్పుడు తడి గ్యాసును పూర్తిగా తోలేసి ఆపడం ఇందుకే. పాలిస్టర్ బ్యాగులకు దాదాపు 130 డిగ్రీల దగ్గర వేడి హద్దు ఉంటుంది, కిందివైపు చెమ్మ హద్దు ఉంటుంది. ఆ రెంటి మధ్యే నడపాలి.

పెట్టె అడుగున గరాటులా ఉండే హాపర్‌ను కూడా చూడాలి. అందులో దుమ్ము గాలి వచ్చే నోటిదాకా పేరుకుంటే, రాలిన పొడి మళ్లీ లేచి బ్యాగులకే అంటుకుంటుంది. హాపర్ కింద పొడిని దింపుతూ గాలిని ఆపే రోటరీ ఎయిర్‌లాక్ రెక్కలు అరిగితే బయటి గాలి కిందినుంచి పైకి ఎగదన్నుతుంది, పొడి కిందికి దిగలేదు. హాపర్ ఒంటిమీద పొడి దింపడానికి కొట్టిన సుత్తి దెబ్బల సొట్టలు కనిపిస్తే ఈ తంతు ఎన్నాళ్లుగా సాగుతోందో తెలుస్తుంది. ఆ సొట్టలే పొడి జారకుండా ఇంకాస్త పట్టి ఉంచుతాయి.

ముల్లు తగ్గితే

తక్కువ డీపీని ఎవరూ ఫిర్యాదుగా తీసుకోరు. కానీ అందులోనే పెద్ద లోపాలు దాగుతాయి. బ్యాగులు చిరిగితే, బ్యాగు మెడలోని స్నాప్ బ్యాండ్ చిల్లులో సరిగా కూర్చోకపోతే, ట్యూబ్ షీట్ వెల్డింగు పగిలితే గాలికి దొడ్డిదారి దొరికి డీపీ పడిపోతుంది. దీనికి సాక్ష్యం చిమ్నీలోనే కనిపిస్తుంది. ఒక్కో వరుసకు దెబ్బ పడినప్పుడు చిమ్నీలో పొగలా ఓ తెర లేస్తే, ఏ వాల్వు సమయంలో లేచిందో లెక్కపెట్టి ఏ వరుసలో చిరిగిందో చెప్పవచ్చు. మెరిసే రంగుపొడిని డక్టులో వదిలి, ట్యూబ్ షీట్ పైన అతినీలలోహిత దీపంతో చూసే పరీక్ష ఇంకా కచ్చితం.

చిమ్నీ శుభ్రంగా ఉండి డీపీ తక్కువగా ఉంటే అసలు గాలే రావడం లేదని అనుమానించాలి. డక్టులో సిమెంటు వంటి ఖనిజ ధూళి కింద పడకుండా ప్రయాణించాలంటే గాలికి సెకనుకు 18 నుంచి 20 మీటర్ల వేగం కావాలి. అంతకంటే తగ్గితే పొడి డక్టు అడుగున పరుచుకుంటుంది. పరుచుకున్న చోట దారి ఇరుకై అడ్డంకి పెరుగుతుంది, మొత్తం గాలి ఇంకా తగ్గుతుంది, మిగతా చోట్ల ఇంకొంత పొడి పడుతుంది. ఈ చక్రం చాలాసార్లు ఒక మంచి ఉద్దేశంతోనే మొదలవుతుంది: ఎక్కడో కొత్తగా దుమ్ము లేస్తోందని పాత డక్టుకే ఇంకో హుడ్ తగిలించడం. ఒక బిందెలో నీళ్లను ఎన్ని చెంబులకు పంచినా నీళ్లు పెరగవు. ఫ్యాన్ లాగగలిగే గాలి అంతే. కొత్త హుడ్‌కు వెళ్లినంత పాత హుడ్‌ల దగ్గర తగ్గుతుంది.

మూడు కొలతలు, నాలుగు జబ్బులు

ఒక్క డీపీ బదులు ఫిల్టరు ముందు సక్షన్ (బయటి గాలి కంటే లోపల ప్రెషర్ ఎంత తక్కువో ఆ అంకె), ఫిల్టరు తర్వాత సక్షన్, ఫ్యాన్ మోటారు ఆంపియర్లు కలిపి చూస్తే చిక్కు విడిపోతుంది. దీనికి ఆధారం చిన్న లెక్క. డక్టులో ప్రెషర్ నష్టం గాలి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది, బ్యాగుల్లో నష్టం దాదాపు గాలికి నేరుగా అనులోమంగా ఉంటుంది.

గంటకు 30,000 ఘనపు మీటర్లు లాగే ఒక ఫిల్టరును ఊహించుకుందాం. బ్యాగుల మొత్తం వైశాల్యం 400 చదరపు మీటర్లయితే గాలి గుడ్డగుండా నిమిషానికి 1.25 మీటర్ల వేగంతో పోతుంది. ఇది మామూలు పరిధిలోదే. బాగున్న రోజున ఫిల్టరు ముందు సక్షన్ 120 మిల్లీమీటర్లు, తర్వాత 240, డీపీ 120 అనుకుందాం.

బ్యాగులు పూడుకుపోయి గాలి ముప్పావు వంతుకు పడితే డక్టు నష్టం 120 నుంచి 68కి దిగుతుంది. గాలి తగ్గినప్పుడు ఫ్యాన్ ఇంకాస్త గట్టిగా పట్టి లాగుతుంది కనుక ఫిల్టరు తర్వాత సక్షన్ 290 దాకా పోవచ్చు. డీపీ 222. ముందు సక్షన్ తగ్గడం, తర్వాతది పెరగడం ఇక్కడి గుర్తు.

డక్టు పూడితే కథ తిరగబడుతుంది. గాలి 60 శాతానికి పడితే డీపీ 72కు దిగుతుంది, ఫిల్టరు ముందు సక్షన్ మాత్రం 220కి ఎక్కుతుంది. డీపీ ఒక్కటే చూసినవాడికి ఇది కొత్త బ్యాగులు వేసిన ఫిల్టరులా కనిపిస్తుంది.

బ్యాగులు చిరిగినప్పుడు గాలి పెరుగుతుంది: ముందు సక్షన్ 145, డీపీ 60, ఎక్కువ రకాల ఫ్యాన్లలో ఆంపియర్లు కూడా పైకి. చివరిది ఫ్యాన్ జబ్బు. బెల్టు జారి వేగం తగ్గినా, గాలిని తగ్గించే తలుపు లాంటి డ్యాంపరును ఎవరో మూసినా, మోటారు వైర్లు తారుమారై ఫ్యాన్ వెనక్కి తిరిగినా ఫిల్టరు ముందూ తర్వాతా సక్షన్ రెండూ తగ్గిపోతాయి. వెనక్కి తిరిగే సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్ కూడా గాలిని అదే దిశలో, తక్కువగా లాగుతుంది కాబట్టి మోటారు మరమ్మతు తర్వాత రోజులపాటు ఎవరూ గమనించని సందర్భాలుంటాయి.

ఇవి ఊహించిన ఫిల్టరు అంకెలు. ఏ ఫ్యాక్టరీలోనైనా అసలు విలువలు వేరుగా ఉంటాయి, కానీ ఏది పెరిగి ఏది తగ్గుతుందన్న క్రమం మారదు.

ఈఎస్పీ పోయి బ్యాగు వచ్చాక

ఈ సమస్యలు ఇటీవల ఎక్కువగా వినిపించడానికి నిబంధనల నేపథ్యం కూడా ఉంది. 2014, 2016 నోటిఫికేషన్లతో సిమెంటు బట్టీల చిమ్నీ ధూళికి పరిమితి ఘనపు మీటరుకు 30 మిల్లీగ్రాములకు దిగింది. సిమెంటు సహా 17 రకాల భారీ కాలుష్య పరిశ్రమల్లో చిమ్నీని ఆన్‌లైన్‌లో నిరంతరం కొలవాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఆదేశించింది. విద్యుత్ క్షేత్రంతో ధూళిని పట్టే పాత ఈఎస్పీలు చాలాచోట్ల బ్యాగ్ ఫిల్టర్లుగా మారాయి.

ఈఎస్పీలో గాలికి అడ్డుగా గుడ్డ ఉండదు. దాని ప్రెషర్ నష్టం 20, 30 మిల్లీమీటర్లకు మించదు. అదే పెట్టెలో బ్యాగులు దింపితే నష్టం 100 దాటుతుంది. పాత ఫ్యాన్‌ను అలాగే ఉంచితే మొదటి రోజు నుంచే సక్షన్ చాలదు. అప్పుడు నింద బ్యాగుల నాణ్యత మీద పడుతుంది.

ఆన్‌లైన్ కొలతకు ఇంకో పరిమితి ఉంది. అది చూసేది చిమ్నీని మాత్రమే. బ్యాగులు పూడుకుపోయిన ఫిల్టరు, డక్టు మూసుకుపోయిన ఫిల్టరు చిమ్నీలోంచి చాలా శుభ్రమైన గాలినే వదులుతాయి. హుడ్ దగ్గర పట్టుబడని దుమ్ము షెడ్డులోనే ఉండిపోతుంది. తెర మీద అంకె పచ్చగా ఉంటుంది, కింద బస్తాలు నింపే కూలీ తువ్వాలు ముక్కుకు కట్టుకుని పనిచేస్తుంటాడు. క్వార్ట్జ్ పొడి చేసే యూనిట్లలో ఇది మరీ ప్రమాదం. సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే సన్న రేణువులు కంటికి కనిపించేంత పెద్దవి కావు.

మండే ధూళి ఉన్నచోట ఫలితం ఇంకా వేగంగా వస్తుంది. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రం పోర్ట్ వెంట్‌వర్త్ చక్కెర శుద్ధి కర్మాగారంలో ధూళి పేలుడుకు 14 మంది చనిపోయారు. అక్కడి ధూళి సేకరణ వ్యవస్థ చాలినంతగా లేదని, మరమ్మతుకు నోచుకోలేదని దర్యాప్తులో తేలింది. డక్టులు కొన్ని చోట్ల చక్కెర పొడితో పూడిపోయి ఉన్నాయి. డక్టుల్లోకి పోవాల్సిన పొడి దూలాల మీద, నేల మీద పేరుకుంది.

ఖర్చు ఎటు పోతుంది

డీపీ ఎక్కువైనప్పుడు సులువుగా దొరికే మందు ఫ్యాన్ వేగం పెంచడం. మోటారు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ ఉంటే ఒక్క మీట చాలు. కానీ ఫ్యాన్ వేగం 10 శాతం పెరిగితే కరెంటు 33 శాతం పెరుగుతుంది, ఎందుకంటే శక్తి వేగపు ఘనాన్ని అనుసరిస్తుంది. పైగా ఎక్కువ వేగంతో వచ్చే గాలి పొడిని గుడ్డలోకి ఇంకా లోతుగా తొక్కుతుంది.

పైన చెప్పిన 30,000 ఘనపు మీటర్ల ఫిల్టరులో అంతే గాలిని నిలబెడుతూ 50 మిల్లీమీటర్ల అదనపు డీపీని భరించాలంటే, ఫ్యాన్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే, దాదాపు 6 కిలోవాట్లు అదనం. ఏడాదికి 8,000 గంటలు నడిస్తే దాదాపు 47 వేల యూనిట్లు. ఇది ఒక్క చిన్న ఫిల్టరు లెక్క. ఒక డయాఫ్రం కిట్టు ఖరీదు దీని ముందు ఎంతో చెప్పాల్సిన పని లేదు.

బ్యాగులు నిజంగానే చివరికి వచ్చి మార్చినప్పుడు మొదటి కొన్ని గంటలు కీలకం. బోసి గుడ్డ మీదికి సన్న పొడి ఒక్కసారిగా వదిలితే అది నూలులోకే పోతుంది. అందుకే ముందుగా సున్నపురాయి పొడిని పలచగా పూసి, ఫ్యాన్‌ను తక్కువ గాలితో మొదలుపెట్టి, డీపీ కాస్త పెరిగి కేక్ నిలిచేదాకా గాలి దెబ్బలు ఆపి ఉంచుతారు. ఆ తొలి వారం ఫిల్టరు ముందు సక్షన్, తర్వాత సక్షన్, ఫ్యాన్ ఆంపియర్లు, డ్యాంపరు స్థానం, హెడర్ ప్రెషర్ రాసి ప్యానెల్ తలుపుకు అంటిస్తే, రెండేళ్ల తర్వాత ముల్లు పక్కకు జరిగినప్పుడు పోల్చి చూడటానికి ఒక కాగితం ఉంటుంది. చాలా ప్యానెళ్ల మీద ఆ కాగితం కనిపించదు.